ఎర్రనీరు ఆగిన డెల్టా

వానాకాలంలో తెలుగు దినపత్రికలు రోజూ ప్రచురించే జలాశయాల పట్టికలో శ్రీశైలం పూర్తి నిల్వ సామర్థ్యం 215.81 టీఎంసీలుగా, నాగార్జునసాగర్‌ది 312.05 టీఎంసీలుగా కనిపిస్తుంది. కట్టిన నాటి లెక్క వేరు: అప్పుడు శ్రీశైలం సామర్థ్యం 308 టీఎంసీలు, సాగర్‌ది 408 టీఎంసీలు. ఈ రెండు లెక్కల మధ్య తేడా, అంటే సుమారు 188 టీఎంసీల చోటు, దశాబ్దాలుగా కృష్ణమ్మ మోసుకొచ్చిన పూడికతో నిండిపోయింది. పూడిక మాట వచ్చినప్పుడల్లా ఎంత ఆయకట్టుకు నీరు తగ్గింది, ఎంత విద్యుత్తు నష్టపోయాం అన్నంత వరకే చర్చ సాగుతుంది కానీ, ఆ మట్టి అక్కడ ఆగకుండా ఉంటే ఎక్కడికి చేరేదన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. అది చేరవలసిన చోటు విజయవాడకు దిగువన ఉంది. దివిసీమ పొలాలు, నాగాయలంక చుట్టూ ఉన్న మడ అడవులు, హంసలదీవి దగ్గరి ఏటి మొగ, నిజాంపట్నం తీరం అన్నీ ఆ మట్టితో పుట్టినవే, ఏటా అది వస్తూ ఉంటేనే నిలిచేవే.

వాతావరణ మార్పు వల్ల తీరానికి వచ్చే ముప్పును సాధారణంగా ఒకే వరుసలో చెబుతారు: భూమి వేడెక్కుతోంది, మంచు కరుగుతోంది, సముద్రం పొంగుతోంది, తీరం మునుగుతోంది. కృష్ణా, గోదావరి డెల్టాల విషయంలో ఇందులో అబద్ధం లేదు కానీ సగమే ఉంది. ఇక్కడ సముద్రం పైకి వస్తోంది, అదే సమయంలో నేల కిందికి దిగుతోంది, దిగిన నేలను మళ్లీ లేపే ఒండ్రు రావడం తగ్గిపోయింది. మొదటిది ప్రపంచ దేశాలన్నీ కలిసి తెచ్చిన విపత్తు, దాన్ని ఆపడం ఒక్క రాష్ట్రానికి సాధ్యమయ్యే పని కాదు. మిగతా రెండూ ఈ రెండు నదుల పరీవాహక ప్రాంతంలోనే, ఇక్కడి నిర్ణయాలతోనే తీవ్రమయ్యాయి కాబట్టి వాటిని సరిదిద్దే అధికారం, బాధ్యత కూడా ఇక్కడే ఉన్నాయి. వాతావరణ మార్పును తలచుకుని చేతులు ముడుచుకోవలసిన అవసరం డెల్టాకు లేదనడానికి ఇదే ఆధారం.

సముద్రం లెక్క, నేల లెక్క

సముద్రమట్టం పెరగడానికి ముఖ్యంగా రెండు కారణాలున్నాయి. భూమి మీద అదనంగా పోగవుతున్న వేడిలో తొంభై శాతం దాకా సముద్రాలే పీల్చుకుంటున్నాయి, వేడెక్కిన నీరు వ్యాకోచించి ఎక్కువ చోటు తీసుకుంటుంది. హిమానీనదాల నుంచి, గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పలకల నుంచి కరిగి వచ్చే నీరు దానికి తోడవుతుంది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వాతావరణ మార్పులను అంచనా వేసే ఐపీసీసీ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటు సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. ఈ పెరుగుదల వేగం 1901–1971 మధ్య ఏడాదికి 1.3 మిల్లీమీటర్లు ఉండగా, 2006–2018 మధ్య 3.7 మిల్లీమీటర్లకు చేరింది. ఉద్గారాలను గట్టిగా అదుపు చేస్తే ఈ శతాబ్దాంతానికి మరో 28 నుంచి 55 సెంటీమీటర్లు, ఏ అదుపూ లేకుండా పోతే 63 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా పెరగవచ్చని అదే నివేదిక అంచనా. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993–2017 మధ్య వేగం ఏడాదికి 3.3 మిల్లీమీటర్లని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించింది.

ఏడాదికి మూడు మిల్లీమీటర్లంటే వినడానికి చాలా చిన్న సంఖ్య. అయితే తీరాన నిలబడిన మనిషికి, పంటకు, కరకట్టకు సంబంధించినంత వరకు లెక్కలోకి వచ్చేది సముద్రం ఒక్కటే ఎంత పెరిగిందన్నది కాదు, నేలతో పోలిస్తే ఎంత పెరిగిందన్నది. దీన్నే శాస్త్రవేత్తలు సాపేక్ష సముద్రమట్టం అంటారు. సముద్రం పెరిగిన ఎత్తుకు నేల కుంగిన లోతును కలిపి, కొత్తగా మేట వేసిన ఒండ్రు మందాన్ని తీసేస్తే వచ్చేదే ఆ సంఖ్య. డెల్టా నేల స్వభావమే కుంగడం, ఎందుకంటే అది రాతి మీద పరచుకున్న పలుచని మట్టి కాదు. మంచుయుగం తరవాత వేగంగా ఎగబాకిన సముద్రమట్టం సుమారు ఆరేడు వేల ఏళ్ల కిందట నిలకడకు వచ్చినప్పటి నుంచి నదులు పొర మీద పొరగా పోసిన బంకమట్టి, ఇసుక, మొక్కల అవశేషాలే ఈ డెల్టాలు. ఆ పొరల్లోని రేణువుల మధ్య నీరుంటుంది, పైన పడే బరువుకు ఆ నీరు బయటికి పోయి రేణువులు దగ్గరకు జరిగే కొద్దీ నేల మట్టం తగ్గుతుంది. దట్టమవడం అని పిలిచే ఈ క్రియ ప్రకృతి సహజం, వేల ఏళ్లుగా సాగుతున్నదే. ఏటా వరద తెచ్చే కొత్త ఒండ్రు ఆ తరుగును పూడ్చి ఇంకొంత మిగిల్చినంత కాలం తీరం సముద్రం వైపు జరుగుతూ వచ్చింది. ఇప్పుడు తీరానికి ఎంతో లోపలికి ఉన్న కొల్లేరు ఒకప్పుడు సముద్రపు అంచున ఉన్న ఉప్పునీటి కయ్య అని భూశాస్త్రజ్ఞులు నిర్ధారించడం, డెల్టా గ్రామాల మధ్య సమాంతరంగా సాగే ఇసుక మెరకలు పాత తీరరేఖలు కావడం ఆ కదలికకు మిగిలిన గుర్తులు.

ఈ సహజ క్రియను మనుషులు రెండు వైపుల నుంచీ వేగవంతం చేశారు. భూగర్భజలాన్ని బోర్లతో తోడేసినప్పుడు రేణువుల మధ్య నీటి ఒత్తిడి తగ్గి నేల మరింత త్వరగా దట్టమవుతుంది. లోతైన పొరల్లోంచి చమురు, సహజవాయువు తీసినప్పుడు కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. కోనసీమలో గ్యాసు వెలికితీత వల్ల నేల కుంగుతోందన్న ఆందోళన రైతుల్లో ఏళ్లుగా ఉన్నా, ఊరూరా నేల మట్టాన్ని క్రమంగా కొలిచి ఫలితాలను అందరికీ తెలిసేలా ప్రకటించే ఏర్పాటు లేకపోవడం వల్ల ఆ వాదన అనుమానంగా, ఖండన కేవలం ఖండనగా మిగిలిపోతున్నాయి. ఇలాంటి చోట కొలతను అడగడం రైతుల హక్కు.

బురద ఎక్కడికి పోయింది

ఇక మూడో భాగం ఒండ్రు. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించేది. కృష్ణా నది డెల్టాకు మోసుకొచ్చే ఒండ్రు 1960ల చివర ఏడాదికి సుమారు 90 లక్షల టన్నులు ఉండగా, 2000–2005 నాటికి అది నాలుగు లక్షల టన్నులకు పడిపోయింది. గోదావరిలో అది 1970లలో 15 కోట్ల టన్నులుండి, 2000–2006 నాటికి ఆరు కోట్ల టన్నుల లోపుకు తగ్గింది. ఆనకట్టలకు ఎగువన కొలిచిన బురద కన్నా దిగువన కొలిచినది నిలకడగా తక్కువ ఉండటాన్ని బట్టి కారణం ఎక్కడుందో అధ్యయనం చూపింది. అంతకు ఏడాది ముందే, 2009లో, కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని 33 పెద్ద డెల్టాలను పరిశీలించి, మనుషుల చర్యల వల్ల కుంగిపోతున్నవాటిలో కృష్ణా, గోదావరి రెండింటినీ చేర్చింది.

జలాశయాలు కట్టకుండా ఉండాల్సిందన్న అర్థం ఇక్కడ తీయకూడదు. ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన ఆనకట్ట, 1855 నాటి బెజవాడ ఆనకట్ట కరవుకాటకాల నేలను అన్నపు గిన్నెగా మార్చాయి, నాగార్జునసాగర్ లక్షల ఎకరాల మెట్టకు నీరిచ్చింది. నీటికి లెక్క కట్టినవాళ్లు మట్టికి లెక్క కట్టలేదన్నదే లోపం. నదుల నీటి పంపకాల మీద న్యాయస్థానాలు, ట్రైబ్యునళ్లు దశాబ్దాల పాటు వాదనలు విన్నాయి, ఏ రాష్ట్రానికి ఎన్ని టీఎంసీలో తేల్చాయి, కానీ డెల్టాకు ఎన్ని టన్నుల ఒండ్రు రావాలో ఏ వాదనలోనూ ప్రధానాంశం కాలేదు.

గోదావరి పాయల మధ్య, కరకట్టలకు లోపల ఉండే లంకల్లో ఒండ్రు విలువ ఎలాంటిదో ఇప్పటికీ కళ్లారా చూడవచ్చు. ఆషాఢంలో నదికి ఎర్రనీరు రాగానే కింది పొలాలు మునుగుతాయి. వరద తీశాక లంక రైతు మొదట చూసేది పంట ఎంత పోయిందన్నది కాదు, పొలంలో ఏ మేట పడిందన్నది. నల్లని మెత్తటి ఒండ్రు మేట పడితే వచ్చే రెండు మూడు కార్లకు ఎరువు ఖర్చు తగ్గి కూరగాయలు, అరటి బాగా వస్తాయి, ఇసుక మేట పడితే దాన్ని ఎత్తిపోయించేదాకా సాగు ఉండదు. కరకట్టలకు వెలుపల ఉన్న పొలాలకు ఈ మంచీ చెడూ రెండూ లేవు. గట్లు వరదను ఆపి ప్రాణాలు కాపాడుతున్నాయి, ఒండ్రునూ ఆపేస్తున్నాయి. కాలువల నీటితో పాటు కొంత మట్టి పొలాలకు చేరినా, కుంగే నేలను ఎత్తిపెట్టడానికి అది చాలదు.

ఉప్పు పైకి వచ్చే దారులు

సాపేక్ష సముద్రమట్టం పెరిగినంత మాత్రాన ఊరు ఒక్కరోజులో మునిగిపోదు. అంతకు చాలా ముందే ఉప్పు వస్తుంది, అది కూడా మూడు దారుల్లో వస్తుంది.

మొదటి దారి నేల లోపలిది. తీరప్రాంతపు ఇసుక పొరల్లో మంచినీరు, దానికన్నా బరువైన సముద్రపు నీటి మీద తేలి ఉంటుంది. రెండింటి సాంద్రతల తేడా చాలా తక్కువ కావడం వల్ల, సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిచి ఉంటే దాని కింద సుమారు నలభై మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుందని పందొమ్మిదో శతాబ్దిలోనే యూరప్ శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఈ లెక్కలోని ప్రమాదం తిరగేస్తే తెలుస్తుంది: బోర్లు తోడి పైనున్న మట్టాన్ని ఒక్క మీటరు దించితే కిందనున్న ఉప్పునీరు నలభై మీటర్లు పైకి రాగలదు. తీర మండలాల్లో పాత నూతుల నీరు ఉప్పెక్కి, తాగునీటికి డబ్బాల మీద ఆధారపడే పరిస్థితి రావడానికి వెనక ఉన్నది ఈ నిష్పత్తే. రొయ్యల చెరువుల కోసం ఉప్పునీటిని లోపలికి తెచ్చి నిల్వ చేయడం దీనికి మరో భారం. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం, 2009లో వెనామీ రకం వచ్చాక ఆ విస్తరణ మరింత వేగం పుంజుకుంది. ఎన్నో కుటుంబాలకు అది నాలుగు డబ్బులు చూపించిన మాట నిజం, చెరువు పక్కన వరి వేసిన రైతు పొలం చవుడుబారి, చివరికి ఆయన కూడా చెరువు తవ్వించక తప్పని స్థితికి చేరిన మాటా అంతే నిజం.

రెండో దారి ఏరుల్లోంచి వచ్చేది. ఎండాకాలంలో బ్యారేజీల కింద నదిలో ప్రవాహం దాదాపు ఆగిపోయినప్పుడు సముద్రపు పోటు పాయల్లోకి ఎగదన్నుతుంది. దీనికి కొల్లేరు స్పష్టమైన ఉదాహరణ. రెండు డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు, ఎన్నో మురుగు కాలువలు వచ్చి పడతాయి, బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే మార్గం. సరస్సు నిండుగా ఉంటే మంచినీరు ఉప్పుటేరులోంచి సముద్రానికి పోతుంది, మట్టం పడిపోతే అదే ఏరు మీదుగా ఉప్పునీరు సరస్సు వైపు వస్తుంది. అయిదో కాంటూరు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చేపల చెరువుల గట్లను పెద్దఎత్తున తెగ్గొట్టిన చర్యను పక్షుల రక్షణగానే చాలామంది గుర్తుంచుకున్నారు. నిజానికి సరస్సు విశాలంగా నిండగలగడం ఉప్పును ఆపే పని కూడా చేస్తుంది. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతూనే ఉంది.

మూడోది మురుగు కాలువల దారి. డెల్టా సాగులో నీరు పెట్టే కాలువ ఎంత ముఖ్యమో నీరు తీసే డ్రెయిను అంతే ముఖ్యం. నేల వాలు అతి తక్కువ కావడం వల్ల ఈ డ్రెయిన్లు నత్తనడకన పారి, చివర సముద్రంలోకి నేరుగా తవ్విన స్ట్రెయిట్ కట్‌ల ద్వారా బయటపడతాయి. పొలానికి, పోటు సమయంలో సముద్రానికి మధ్య మట్టం తేడా ఒక మీటరే ఉన్నచోట సాపేక్ష సముద్రమట్టం ఇరవై సెంటీమీటర్లు పెరిగిందంటే డ్రెయినును తోసే శక్తిలో అయిదో వంతు పోయినట్టే. దానికి గుర్రపుడెక్క, తూడు, పూడుకుపోయిన మొగలు తోడైతే అక్టోబరు వాన పొలంలో వారాల తరబడి నిలిచిపోతుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ధరలు, కూలీల కొరతతో పాటు గట్టిగా వినిపించిన ఫిర్యాదు ఇదే.

ప్రాణాలు దక్కాయి, పంట దక్కలేదు

తుపాన్ల విషయంలో తెలుగు తీరం సాధించినదాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే పదివేల మంది వరకు చనిపోయారు. గాలి తోసిన సముద్రపు నీరు అయిదు మీటర్లకు పైగా ఎత్తున, ఏ హెచ్చరికా అందని ఊళ్ల మీద పడింది. 1990 మే నెలలో ఇంచుమించు అంతే తీవ్రమైన తుపాను అదే తీరాన్ని తాకినప్పుడు ఆరు లక్షల మందికి పైగా ప్రజలను ముందే తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపు ఆగింది. తరవాతి దశాబ్దాల్లో తుపాను ఆశ్రయ భవనాలు, వాతావరణ శాఖ ముందస్తు అంచనాలు, హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఉప్పెన హెచ్చరికలు కలిసి ఆ సంఖ్యను ఇంకా తగ్గించాయి. వాతావరణ ముప్పును ఎదుర్కోవడం సాధ్యమేననడానికి ప్రపంచానికి చూపదగిన నిదర్శనం ఇది.

పంటకు మాత్రం అలాంటి రక్షణ దొరకలేదు. వేడెక్కిన గాలి ప్రతి డిగ్రీకీ సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు కాబట్టి వాన పడినప్పుడు కుండపోతగా పడుతోంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరవాత అదే అత్యధికం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద దిగువకు పోగా, బుడమేరు విజయవాడ కాలనీలను ముంచెత్తింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే సమయానికి డెల్టాలో వరి కోతల్లో ఉంది. కోసి పనల మీద ఆరబెట్టిన వరి నీటిలో నాని, రెండు మూడు రోజుల్లోనే వెన్నుల మీద మొలకలు తేలింది. తేమ పదిహేడు శాతం మించకూడదన్న కొనుగోలు కేంద్రాల నిబంధన ముందు అలాంటి ధాన్యానికి ధర దక్కడం కష్టం. డెల్టా గ్రామాల్లో నిజంగా సేద్యం చేసేవారిలో పెద్ద భాగం కౌలు రైతులు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తున్నా దానికి భూయజమాని అంగీకారం అవసరం కావడం వల్ల చాలామందికి ఆ కార్డు లేదు, కార్డు లేనివారికి బీమా గానీ నష్టపరిహారం గానీ చేరడం దుర్లభం. వాతావరణ మార్పుకు తట్టుకునే వ్యవసాయం గురించి ఎన్ని ప్రణాళికలు రాసినా, నష్టం ఎవరి పేరిట నమోదవుతుందన్న ఈ ఒక్క ప్రశ్న తేలకుండా అవి పొలం గట్టు దాటి లోపలికి రావు.

గోడలు, మడలు, వంగడాలు

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లను, వీధులను, రోడ్డును కోసుకుపోవడం తెలుగువారికి పరిచితమైన దృశ్యమే. బంగాళాఖాతం తీరం వెంబడి అలలు ఇసుకను ప్రధానంగా ఉత్తరం వైపు నడిపిస్తాయి. గోదావరి మొగ నుంచి సాగిన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె, రేవు నిర్మాణాలు ఆ నడకకు అడ్డుపడటంతో వాటికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు అందే ఇసుక తగ్గింది. అక్కడ 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద పెద్ద పాలిమర్ సంచులతో, అంటే జియో ట్యూబులతో గోడ కట్టారు, తరవాతి తుపాన్లలో అది చాలాచోట్ల దెబ్బతింది. గోడకు కొట్టుకున్న అల వెనక్కి మళ్లుతూ గోడ పాదం దగ్గరి ఇసుకను తోడేస్తుంది, గోడ ముగిసిన చోట కోత మరింత పెరుగుతుంది. రేవు, పట్టణం, ప్రధాన రహదారి వంటి కదల్చలేనివాటికి గోడ తప్పకపోవచ్చు. తీరమంతా గోడ కట్టడం మాత్రం డబ్బును అలల్లో పోయడమే అవుతుంది. గోడ నిలవని చోట మత్స్యకార కుటుంబాలను తరలించక తప్పనప్పుడు, పడవ లాగడానికి, వలలు ఆరబెట్టడానికి, చేపలు ఎండబెట్టడానికి వీలుగా తీరానికి దగ్గరలోనే స్థలం ఇవ్వాలి, లేకపోతే ఇల్లు దక్కి బతుకుదెరువు పోతుంది.

మడ అడవుల కథ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న ఈ అడవుల్లో అధిక భాగం గోదావరి, కృష్ణా మొగల దగ్గరే ఉంది. 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యంలో తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, పొన్న చెట్ల వేళ్ల మధ్య పోటు నీటి వేగం తగ్గి బురద దిగబడుతుంది, అంటే ఈ చెట్లు అలను ఆపడంతో పాటు నేలను కూడా పోస్తాయి. పాడైపోయిన మడ భూముల్లో మొక్క నాటినా బతకకపోవడానికి ముఖ్య కారణం అక్కడికి పోటు నీరు చేరకపోవడం: పల్లంలో నిలిచిన ఉప్పునీరు ఎండకు ఆవిరై, మిగిలిన ఉప్పు నేలలో గడ్డకడుతుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి కృష్ణా, గోదావరి మొగల్లో దీనికి చేసిన చికిత్స చాలా సరళమైనది. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చేప ముల్లులా పిల్ల కాలువలు తవ్వితే పోటు నీరు రోజుకు రెండుసార్లు లోపలికి వచ్చి, పాటుతో పాటు ఉప్పును కడుక్కుని పోతుంది. మొక్కలను కాలువ అడుగున గానీ గట్టు మీద గానీ కాకుండా, పోటుకు తడిసి పాటుకు ఆరే వాలులో నాటితే అవి బతుకుతాయి. అయితే మడకు కూడా ఒండ్రు కావాలి, సముద్రం పెరిగే కొద్దీ వెనక్కి జరగడానికి చోటూ కావాలి. ముందు సముద్రం, వెనక రొయ్యల చెరువు గట్టు ఉన్న మడకు ఆ రెండూ దొరకవు కాబట్టి, నాటిన మొక్కల సంఖ్యతో సరిపెట్టుకోకుండా మడ వెనక భూమిని ఖాళీగా ఉంచడం తీరప్రాంత నియంత్రణలో భాగం కావాలి.

వంగడాల విషయంలో ఈ నేలకు గర్వించదగిన చరిత్ర ఉంది. మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తూర్పు భారతమంతా పరుచుకుంది. ఒడిశా దేశవాళీ వరి నుంచి తీసిన, ముంపును తట్టుకునే జన్యువును అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అదే స్వర్ణలోకి చేర్చగా, 2009లో స్వర్ణ సబ్-1 పేరుతో భారతదేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా నీటిలో పూర్తిగా మునిగినా ఈ పైరు మళ్లీ తేరుకుంటుంది. చవుడును ఓర్చుకునే ఎంసీఎం రకాలు మచిలీపట్నం నుంచి వచ్చాయి. కాలువలకు నీరు ముందే వదిలి నవంబరు తుపాన్లకు ముందే కోతలు ముగించాలన్నది మరో మంచి ఆలోచన, 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1నే నీరిచ్చారు. అదే ఏడాది కోనసీమలో కొన్నిచోట్ల మళ్లీ పంట విరామం మాట వినిపించింది, ఎందుకంటే నీరు వచ్చే కాలువ సిద్ధమైనా నీరు పోయే డ్రెయిను సిద్ధం కాలేదు. పైసా ఖర్చుకు అత్యధిక ఫలితమిచ్చే వాతావరణ పెట్టుబడి ఏదని డెల్టాలో ఎవరైనా అడిగితే, ఏటా వేసవిలో డ్రెయిన్లలో పూడిక, తూడు తీయించడం, మొగలు తెరిపించడం, పోటు నీరు వెనక్కి రాకుండా తలుపులు బిగించడం అనే సమాధానాన్ని ఇంజినీర్లు, రైతులు ఒకే గొంతుతో చెబుతారు. కొత్త ప్రాజెక్టుకు దక్కే శంకుస్థాపన శిలాఫలకం పూడికతీతకు దక్కదు కాబట్టే అది వెనకబడుతోంది.

మట్టికి దారి

కుంగుతున్న డెల్టాకు ఒండ్రును తిరిగి ఇచ్చే ప్రయత్నాలు ఇతర దేశాల్లో మొదలయ్యాయి. బంగ్లాదేశ్ నైరుతి ప్రాంతంలో 1960లలో కట్టిన గట్ల వల్ల నదీగర్భాలు పూడుకుపోయి, గట్ల లోపలి పొలాలు పల్లమై ఏళ్ల తరబడి నీట మునిగాయి. 1997లో అక్కడి ప్రజలే బీల్ భాయినా దగ్గర గట్టు తెగ్గొట్టి పోటు నీటిని లోపలికి రానివ్వగా, అది తెచ్చిన బురద పల్లాన్ని ఎత్తుగా లేపింది, ఏరు కూడా లోతైంది. ప్రభుత్వం తరవాత ఈ పద్ధతిని స్వీకరించినా, ఒండ్రు పోసుకునే ఏళ్లలో సాగు కోల్పోయిన రైతులకు పరిహారం సరిగా అందక గొడవలయ్యాయి. చైనాలో పసుపు నది మీది షియావ్‌లాంగ్డీ ఆనకట్ట నుంచి 2002 మొదలుకొని వరద కాలానికి ముందు నీటిని ఒక్కసారిగా వదిలి బురదను కిందికి పంపుతున్నారు. బంగ్లాదేశ్ పద్ధతి ఇక్కడ యథాతథంగా పనికిరాదు, ఎందుకంటే ఆంధ్ర తీరంలో పోటు ఎత్తూ తక్కువే, పోటు నీటిలో బురదా తక్కువే. చైనా పద్ధతిలోని సూత్రం మాత్రం పరిశీలించదగినది.

కృష్ణాలో ఇప్పటికే పేరుకున్న పూడికను కదిలించడం చాలా కష్టం, ఖర్చుతో కూడిన పని. గోదావరి పరిస్థితి ఇంకా చేయి దాటలేదు. ఆ నది ఇప్పటికీ కోట్ల టన్నుల ఒండ్రు తేగలగడానికి కారణం, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఉపనదుల మీద పెద్ద జలాశయాలు తక్కువగా ఉండటం. ఈ మూడూ కలిసిన తరవాత, డెల్టాకు సరిగ్గా ఎగువన, 194 టీఎంసీల నిల్వతో పోలవరం నిర్మాణమవుతోంది. అది నిండడం మొదలైతే గోదావరి మట్టికి చివరి తలుపు అదే అవుతుంది. గోదావరిలో ఏటా సగటున సముద్రానికి పోయే నీరు రెండున్నర వేల టీఎంసీలకు పైమాటే కాబట్టి, పోలవరంలో వానాకాలపు నీరు ఎక్కువ రోజులు నిలవవలసిన అవసరం ఉండదు. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు వచ్చే వారాల్లో మట్టాన్ని తగ్గించి ఉంచి, బురద నీటిని స్పిల్‌వే 48 గేట్ల మీదుగా, పది రివర్ స్లూయిజుల మీదుగా దిగువకు వదిలి, సెప్టెంబరు, అక్టోబరుల్లో తేటపడిన నీటితో జలాశయాన్ని నింపుకునే వీలుందా అన్నది ఇంజినీర్లు నమూనాలు కట్టి తేల్చవలసిన విషయం. అలా నింపితే కొంత విద్యుత్తు తగ్గుతుంది, వర్షాభావ సంవత్సరంలో నిల్వకు ప్రమాదమూ ఉంటుంది, ఈ నష్టాన్ని డెల్టా నిలకడతో తూచి చూడాలి. భద్రాచలం దగ్గర, పోలవరం దగ్గర, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టంతో పాటు లీటరు నీటిలో ఎన్ని గ్రాముల బురద ఉందో కూడా కొలిచి రోజూ ప్రకటించడం దానికి మొదటి మెట్టు. జలాశయ నిర్వహణ నియమాలు ఖరారయ్యే ముందే, యానాం, అంతర్వేది, ఓడలరేవు మొగల దగ్గరి గ్రామాల వారిని కూర్చోబెట్టి ఆ నియమాల్లో మట్టికి ఒక పేరా రాయించుకోవలసిన సమయం ఇదే, ఎందుకంటే ఒకసారి పూర్తి మట్టానికి నింపడం అలవాటయ్యాక దాన్ని తగ్గించమని అడగడం చాలా కష్టం.